తీసిన అంకె మళ్ళీ తీయరాదు

ఫిబ్రవరి పంతొమ్మిదో తేదీ, బుధవారం, ఉదయం పదిన్నర గంటలు. బస్సు డిపోలో టైర్ల గోదాముకు పై అంతస్తున ఉన్న సమావేశపు గది. హాజరైనవారు: విచారణాధికారిణి, డిపో మేనేజరు, డ్రైవర్ల యూనియన్ కార్యదర్శి, ఉద్యోగం పోగొట్టుకున్న డ్రైవరు, ఆయన మేనకోడలు, అనగా డిపో కంప్యూటర్లు చూసుకునే ప్రోగ్రామరు, అందరి నోటా లెక్కలమ్మ, ఒక టైపిస్టు. హాజరుపట్టీలో ఈ ఆరుగురి సంతకాలే ఉన్నాయి. ఏడో కుర్చీ మీద మేనేజరు తన చేతిసంచిని కూర్చోబెట్టుకున్నాడు.

కిందటి వారం మనం లెక్కలమ్మను ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర, ఒక పెద్ద కాగితం ముందు వదిలిపెట్టాం. ఆ కాగితం మీద ఆమె రెండువందల యాభై ఆరు గీతలు గీసుకుని, ఒక్కొక్క గీతకు ఎదురుగా ఒక డ్రైవరు నంబరు వేసుకుంటూ పోయి, రెండువందల ఒకటో గీత దగ్గర కలం ఆపేసింది. అలా ఎందుకు ఆపిందో చెప్పాలంటే కథలో జరిగినదాన్ని నాలుగు మాటల్లో ఒకసారి తిరగవేసుకోవాలి.

డిపోలో రెండువందల మంది డ్రైవర్లు. ఆదివారాలు తప్ప రోజూ తెల్లవారి మొదటి బస్సు గేటు దాటక ముందే వాళ్ళలో ఐదుగురు గొట్టంలో ఊది, తాము తాగి లేమని రుజువు చేసుకోవాలి. ఆ ఐదుగురెవరో డ్రా తేలుస్తుంది. టైంకీపరు గదిలో సబ్బుపెట్టెంత నల్లటి డబ్బా ఒకటి ఉంది. మీట నొక్కితే దాని చిన్న కిటికీలో ఒక అంకె వెలుగుతుంది. కంప్యూటరు ఆ అంకెను డ్రైవరు బ్యాడ్జి నంబరుగా మార్చి తెర మీద చూపిస్తుంది. యూనియన్ కార్యదర్శి సాక్షిగా నిలబడి, ఆ నంబరును కిటికీలోంచి ఆవరణలోకి కేక వేసి చెబుతాడు. టైంకీపరు అంకెనూ నంబరునూ రిజిస్టరులో రాస్తాడు. ఏడాది తిరిగేసరికి లెక్కలమ్మ మేనమామ, బ్యాడ్జి నంబరు ముప్పై ఒకటి, పదమూడు సార్లు పిలుపు అందుకున్నాడు. పన్నెండుసార్లు ఊదాడు. జనవరి తొమ్మిదిన పదమూడో కేక వినబడగానే ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన గొట్టాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టి, “ఈరోజు ఊదను” అన్నాడు. ఊదకపోతే తాగినట్టే లెక్క అని నిబంధన. ఇరవై తొమ్మిదేళ్ళుగా స్టీరింగు పట్టి ఒక్క గీత పడనివ్వని మనిషి, దగ్గు మందులో కూడా ఘాటు ఉందేమోనని వాసన చూసి తాగే మనిషి, ఆ మధ్యాహ్నానికల్లా తాగుబోతు అయి ఇంటికి చేరాడు.

తనమీద ఎవరో కక్షగట్టి డ్రాను తిప్పుతున్నారని ఆయన మొదటి విచారణలో వాదించాడు. డ్రాను తయారుచేసిన మనిషిని పిలిపించారు. లెక్కలమ్మ వచ్చి, ఆ డబ్బా ఇచ్చే అంకెను ముందుగా పసిగట్టడం మానవమాత్రుడికి సాధ్యం కాదనీ, డ్రాలో పక్షపాతానికి తావే లేదనీ, అడిగిన ప్రతి ప్రశ్నకూ తడుముకోకుండా జవాబు చెప్పింది. సొంత మేనకోడలే చెప్పాక ఇంకెవరు చెప్పాలి? ఆ రోజునుంచి ఇరవై మూడు రోజులుగా మేనమామ ఆమె ముఖం చూడలేదు. ఒకే మేడలో పై వాటా ఆయనది, కింది వాటా వీళ్ళది. తల్లి మాత్రం, “నా తమ్ముడి నోరు వాసన కొడుతోందని నువ్వే సంతకం పెట్టినట్టయింది” అని ఒక్కమాట అని, ఆ తరవాత కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా కూతుర్ని అడగడం మానేసింది.

ఇక ఈ ఉదయం సంగతి.

గదిలో ఒక గోడ పొడవునా పాతకాలపు డ్యూటీ పలక ఉంది. రెండువందల ఇనుప కొక్కేలు, ఒక్కొక్కదాని కింద తెల్లరంగుతో ఒక్కొక్క నంబరు. డ్యూటీ కార్డులు కంప్యూటరులోకి వెళ్ళిపోయాక వాటికి దుమ్ము తప్ప వేలాడేది లేదు. లెక్కలమ్మ ఎనిమిది గంటలకే వచ్చి, వర్కుషాపునుంచి తెచ్చుకున్న రేకుడబ్బాలోంచి వాషర్లు తీసి, కొక్కేలకు ఒక్కొక్కటే తగిలించింది. లోపలికి అడుగుపెట్టిన కార్యదర్శి పలకను చూసి నోట్లో లవంగం ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకు మార్చాడు. ఆయన నోట్లో లవంగం లేకుండా ఎవరూ ఎన్నడూ చూడలేదు.

“ఏం లెక్కలమ్మా, గోడకి నగలు చేయించావా?”

“చేయించాను బాబాయ్. కొన్ని కొక్కేలకి జోడు నగలు.”

ఆయన నవ్వి, వెళ్ళి పాత మిత్రుడి పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ ఒకేరోజు, ఒకే వరుసలో ఒకరి వెనక ఒకరు నిలబడి బ్యాడ్జీలు అందుకున్నవాళ్ళు. బంధుత్వం లేకపోయినా బావా అంటే బావా అనుకుంటారు. కార్యదర్శి ఇత్తడి బ్యాడ్జి చింతపండు పెట్టి తోమినట్టు చొక్కా జేబుమీద మెరుస్తోంది. మేనమామ బ్యాడ్జి విచారణాధికారిణి ముందు, ఒక కవరులో, సాక్ష్యపు వస్తువై పడుకుని ఉంది.

మేనేజరు టైపు చేయించిన ధ్రువపత్రాన్ని లెక్కలమ్మ వైపు జరిపాడు. డ్రాలో రెండువందల మందికీ సమాన అవకాశం ఉన్నదని ఇందుమూలముగా ధ్రువపరచడమైనది: మొత్తం మూడు పంక్తులు.

“ఒక్క సంతకం అమ్మా. పదకొండుకల్లా ఎవరి పనుల్లో వాళ్ళు పడొచ్చు.”

“పెట్టలేనండీ.”

“పెన్ను లేదా?”

“పెన్ను ఉంది. ఇందులో రాసింది నిజం కాదు.”

టైపిస్టు వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. కిటికీలోంచి బస్సులు కడిగే చోటు వైపు చూస్తున్న మేనమామ తల తిప్పలేదు. కానీ ఆయన చెవి ఇటు తిరిగినట్టు లెక్కలమ్మకు అనిపించింది.

విచారణాధికారిణి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఎదుటివాళ్ళకు ఆలోచించుకునే వ్యవధి ఇవ్వడానికి ఆవిడ చేసే పని అది. “ఇరవై మూడు రోజుల కింద ఇదే కుర్చీలో కూర్చుని, పక్షపాతానికి తావే లేదన్నారు.”

“అన్నాను. తప్పు చెప్పాను.”

“అబద్ధమా, పొరపాటా? రెండింటికీ టైపిస్టు వేరే మాటలు కొట్టాలి.”

“పొరపాటు, మేడం.”

“కొట్టండి,” అంది ఆవిడ టైపిస్టుతో. “ఇప్పుడు నాకు అర్థమయ్యేలా చెప్పండి. నేను లెక్కల్లో అంతంతమాత్రం.”

లెక్కలమ్మ లేచి పలక దగ్గరికి వెళ్ళింది. ఈ మాటలు ఎలా చెప్పాలో ఆమె మూడు రోజులుగా అద్దం ముందు సాధన చేసింది. తీరా నోరు తెరిచేసరికి సాధన చేసిన వాక్యాలన్నీ ఎగిరిపోయి, సాదా మాటలు మాత్రం మిగిలాయి. అదే మంచిదయింది.

“ఆ డబ్బాలో ఏ లోపమూ లేదండీ. మీట నొక్కితే సున్నా నుంచి రెండువందల యాభై ఐదు దాకా ఏదో ఒక అంకె వస్తుంది. మొత్తం రెండువందల యాభై ఆరు అంకెలు, అన్నిటికీ సరిసమానమైన అవకాశం. ఇవిగో, రెండువందల యాభై ఆరు వాషర్లు. ఒక్కో వాషరు ఒక్కో అంకె అనుకోండి. కొక్కేలు మాత్రం రెండువందలే. వరసగా తగిలించుకుంటూ వచ్చాను. రెండువందలూ నిండాయి. నా డబ్బాలో ఇంకా యాభై ఆరు వాషర్లు మిగిలాయి.”

“మిగిలినవి ఏం చేశారు?”

“మళ్ళీ మొదటి కొక్కెం నుంచి తగిలించాను. ప్రోగ్రాములో నేను చేసిందీ అదే. అంకెను రెండువందలతో భాగించి, శేషం ఎంత మిగిలితే దానికి ఒకటి కలిపి బ్యాడ్జి నంబరు చేశాను. అంకెలు సున్నాతో మొదలవుతాయి, బ్యాడ్జీలు ఒకటితో మొదలవుతాయి కాబట్టి ఆ ఒకటి.”

విచారణాధికారిణి లేచి వచ్చి పలక ముందు నిలబడింది. వేలితో ఒక్కొక్క వరుసా తడుముకుంటూ నడిచింది. ఒకటో కొక్కేనికి రెండు వాషర్లు. ఇరవయ్యో కొక్కేనికి రెండు. యాభై ఆరో కొక్కేనికి రెండు. యాభై ఏడు దగ్గర ఆవిడ వేలు ఆగింది. అక్కడ ఒక్కటే. అక్కణ్ణుంచి రెండువందల దాకా ఒక్కొక్కటే. ఆవిడ వెనక్కి నడిచి వచ్చి ముప్పై ఒకటో కొక్కేన్ని కదిలించింది. రెండు వాషర్లు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి.

“అంటే యాభై ఆరు లోపు నంబరు ఉన్నవాళ్ళకి...”

“మిగతావాళ్ళకి రెండింతలు. ఏడాదిలో పదిహేను వందల చిల్లర సార్లు మీట నొక్కారు. అందరికీ సమానంగా పడితే ఒక్కొక్కరికి ఏడో ఎనిమిదో రావాలి. యాభై ఆరు లోపువాళ్ళకి సగటున పన్నెండు వచ్చాయి. పైవాళ్ళకి ఆరు.”

“యాభై ఆరు లోపువాళ్ళంటే ఎవరు?”

జవాబు కార్యదర్శి ఇచ్చాడు. “మా తరం వాళ్ళం మేడం. సీనియర్లం. నంబరు చిన్నదైనకొద్దీ జుట్టు తెల్లన.”

“నేను అప్పుడే చెప్పాను,” అని మేనమామ కిటికీతో అన్నాడు. ఇరవై మూడు రోజుల తరవాత మేనకోడలున్న గదిలో ఆయన నోరు విప్పడం అదే మొదలు. “ఊది ఊది నా గుండెలు బెలూన్ల దుకాణం అయిపోయాయని చెప్పాను. వింటేగా? ‘మీ టైము బాలేదు మావయ్యా’ అంది. టైము బాలేదట! బస్సు లేటయితే నేను ప్రయాణికులకి చెప్పే మాట తిప్పి నాకే చెప్పింది.”

ఆ మాట లెక్కలమ్మ నిజంగానే అన్నది. మేడమెట్ల మీద, చేతిలో పాలగిన్నెతో, తొందరగా లోపలికి పోతూ అన్నది.

మేనేజరు సర్దుకుని కూర్చున్నాడు. “ఒక్క నిమిషం మేడం. రెండింతలో పదింతలో, పిలిచారు. ఊదితే అయిపోయేది. ఊదనన్నాడు. నిబంధన నిబంధనే కదా?”

“నిబంధన నేను చదివాను,” అంది ఆవిడ, తన కుర్చీకి తిరిగి వెళుతూ. “‘సమానావకాశము గల డ్రాలో నంబరు వచ్చిన డ్రైవరు’ నిరాకరిస్తే తాగినట్టు లెక్క. మొదటి రెండు మాటలు మీరు వదిలేసి చదువుతున్నారు.” మేనేజరు తన సంచివైపు చూశాడు, అది ఏదైనా సలహా చెబుతుందేమోనన్నట్టు. ఆవిడ లెక్కలమ్మ వైపు తిరిగింది. “నాకొక సందేహం. ఆ మిగిలిన యాభై ఆరు వాషర్లు తగిలించకుండా పారేస్తే ఏమవుతుంది?”

లెక్కలమ్మ ఈ ప్రశ్న కోసమే భయపడుతూ వచ్చింది. అడగకుండా ఉంటే బాగుండునని ఆశపడింది కూడా.

“అదే సరైన పద్ధతండీ. రెండువందలు గానీ, ఆ పైన గానీ వస్తే ఆ అంకెను వదిలేసి, మళ్ళీ మీట నొక్కాలి. రెండువందల లోపు వచ్చేదాకా నొక్కాలి. అప్పుడు అందరికీ ఒక్కొక్క వాషరే.”

“మీకు అది తెలియదా?”

“తెలుసు. మొదట అలాగే రాశాను.”

“మరి ఎందుకు మార్చారు?”

లెక్కలమ్మ సంచిలోంచి డ్రా ఒప్పందం ప్రతిని తీసింది కానీ చదవలేదు. తొమ్మిదో నిబంధన దగ్గర వేలు పెట్టి, కాగితాన్ని విచారణాధికారిణి ముందుకు జరిపింది. ఆవిడ పైకి చదివింది:

“‘ఒకమారు తీసిన అంకెను ఏ కారణము చేతనైనను పక్కన పెట్టి మరల తీయరాదు.’ ఇది ఎవరు పెట్టించారు?”

కార్యదర్శి లవంగం నమలడం ఆపాడు. కిందనెక్కడో ఒక బస్సు ఇంజను రెండుసార్లు గుర్రుమని ఆగిపోయింది. మేనమామ అప్పుడు కిటికీ వదిలిపెట్టి, పూర్తిగా ఇటు తిరిగాడు.

“నేనే,” అన్నాడు.

ఆ నిబంధన వెనక ఉన్న కథ డిపోలో పాతవాళ్ళందరికీ తెలుసు. డబ్బా రాకముందు డ్రా అంటే బిస్కెట్ల రేకుడబ్బాలో రెండువందల చీటీలు. అప్పటి మేనేజరు చీటీ తీసేవాడు, విప్పేవాడు, తనవాడి నంబరైతే “సరిగ్గా కలవలేదు” అంటూ మడిచి తిరిగి డబ్బాలో వేసేవాడు. ఆ రోజుల్లో కార్యదర్శి పదవి మేనమామదే. మూడు రోజులు గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక్క బస్సు కదలనివ్వకుండా, ఆ ఒక్క వాక్యం రాయించుకున్నాడు. ఆయన జీవితంలో సాధించినవాటిలో తనకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ వాక్యమే. దాన్ని డ్రైవర్లు ఎంత నిష్ఠగా పాటించారంటే, ఒకే ఉదయం ఒకే నంబరు రెండుసార్లు వస్తే ఆ డ్రైవరు రెండుసార్లు ఊదేవాడు. మొదటి ఊపిరికీ రెండో ఊపిరికీ మధ్య నిమిషం కూడా ఉండేది కాదు. నవ్వుకునేవారు గానీ మళ్ళీ తీయమని మాత్రం ఎవరూ అడిగేవారు కారు.

“డబ్బా కొత్తగా వచ్చిన రోజు మీకు గుర్తుందా మావయ్యా?” అని అడిగింది లెక్కలమ్మ. సాక్షి వాదిని ప్రశ్నించకూడదని నియమం ఉంది. విచారణాధికారిణి దాన్ని గుర్తుచేయలేదు.

“ఎందుకు గుర్తులేదు? ఇదే గది.”

“మొదటిసారి మీట నొక్కితే రెండువందల పద్నాలుగు వచ్చింది. ‘ఇది లెక్కలోకి రాదు, మళ్ళీ నొక్కుదాం’ అన్నాను.”

“నేను లేచాను.”

“లేచి, బల్ల గుద్ది, ‘మళ్ళీ అనే మాట ఈ డిపోలో చచ్చిపోయి ఆరేళ్ళయింది, దాన్ని నా మేనకోడలు బతికించడానికి వీల్లేదు’ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.”

“నువ్వు కూడా కొట్టావు.”

“కొట్టాను. కొట్టి, కిందికెళ్ళి, ఒక వరుస మార్చేశాను. అరగంట కూడా పట్టలేదు.” ఆమె గొంతులో హెచ్చుతగ్గులు లేవు. ఒక యంత్రం ఎక్కడ చెడిందో చెబుతున్న మెకానిక్కులా చెప్పుకుపోయింది. “మామూలుగా మా పనిలో అంకెలు కోట్లలో ఉంటాయి. నాలుగు వందల కోట్ల అంకెలని రెండువందల భాగాలు చేస్తే చివర మిగిలేది ఆవగింజంత. ఎవరికి ఎక్కువొచ్చినా కంటికి కనబడదు. ఆ అలవాటులో శేషం తీసుకుంటే చాలనుకున్నాను. ఈ డబ్బా అంకెలు రెండువందల యాభై ఆరేనని ఆగి ఆలోచించలేదు. డబ్బాలో మోసం ఉందేమోనని నెల రోజులు పరీక్షించాను. నేను రాసిన ఒక్క వరుసని మాత్రం పరీక్షించలేదు.”

ఆమె మేనమామ వైపు తిరిగింది.

“కానీ అసలు తప్పు అది కాదు మావయ్యా. ఆ రెండువందల పద్నాలుగు ఎవరి నంబరూ కాదు. ఆ బ్యాడ్జి పెట్టుకున్న మనిషి ఈ డిపోలో లేడు. ఎవరిదో అయిన చీటీని వెనక్కి వేస్తే మోసం. ఎవరిదీ కాని చీటీని పక్కన పెడితే అది ఎవరికి మోసం? ఈ రెండు ముక్కలు ఆ రోజే లేచి చెప్పాల్సింది. తెలిసీ చెప్పలేదు.”

“ఎందుకు చెప్పలేదు?”

“మీరు బల్ల గుద్దారు.”

“బల్ల గుద్దితే?”

“అంతమంది ముందు మీతో వాదిస్తే ఇంటికొచ్చాక అమ్మ నన్ను...” ఆమె వాక్యం పూర్తి చేయలేదు. టైపిస్టు ఈ మాటలు కొట్టాలా వద్దా అన్నట్టు తలెత్తాడు. వద్దని విచారణాధికారిణి సైగ చేసింది.

మేనమామ గోడ మీది కొక్కేలను చూశాడు. ఆయన ముఖంలో కోపం ఉండాల్సిన చోట మరేదో ఉంది. ఇన్నాళ్ళూ తన పగవాడి కోసం డిపో అంతా వెతికి, మొదటిసారి వెతకడం మానేసినవాడి అలసట అది.

“అయితే ఎవరూ కక్షగట్టలేదంటావు.”

“ఎవరూ కాదు.”

“తలుపు నేనే వేయించి, తాళంచెవి లోపల పెట్టి, బయట నిలబడి అరుస్తున్నానన్నమాట.” ఆయన పొట్ట కదిలింది, ముందు దగ్గనుకున్నారు, తరవాత నవ్వని తెలిసింది. “మూడు రోజులు గేటు ముందు కూర్చుని సాధించానే అమ్మడూ, ఈ రెండో వాషరుని!”

అమ్మడూ అన్న పిలుపు విని లెక్కలమ్మ తల వంచుకుని, బల్ల మీది కాగితాలను అవసరం లేకపోయినా సర్దింది. ఆమెకు ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చే మనిషి కాదామె. కాగితాల అంచులు మాత్రం ఎన్నిసార్లు సర్దినా సమంగా రాలేదు.

“శభాష్ బావా!” అంటూ కార్యదర్శి మిత్రుడి వీపు తట్టాడు. “చివరికి నీ మేనకోడలే నిన్ను గట్టెక్కించింది. నేను చెప్పలా, నిజం దాగదని?”

మేనేజరు తన ధ్రువపత్రాన్ని నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు.

విచారణాధికారిణి ప్రోగ్రామరు వాంగ్మూలాన్ని కొత్తగా టైపు చేయించింది. డ్రా సమానం కాదు. ఒకటి నుంచి యాభై ఆరు వరకు బ్యాడ్జీలకు రెండింతల అవకాశం. మొదటి విచారణలో చెప్పినది పొరపాటు. అన్నీ వరసగా వచ్చాయి. “చివర లెక్క కూడా ఉండాలి,” అంది ఆవిడ. “ఈయన పేరు పదమూడుసార్లు వచ్చింది కదా? అందులో ఈ రెండు వాషర్ల వాటా ఎంతెంత?”

“ముప్పై ఒకటో బ్యాడ్జి రావాలంటే డబ్బా ముప్పై అయినా చూపించాలి, రెండువందల ముప్పై అయినా చూపించాలి,” అని లెక్కలమ్మ తన కాగితం చూసుకుంది. “రిజిస్టరులోంచి ఏడాది పొడవునా డబ్బా చూపించిన అంకెలన్నీ ఎక్కించుకున్నాను. ముప్పై అనే అంకె ఆరుసార్లు వచ్చింది. రెండువందల ముప్పై అనే అంకె కూడా ఆరుసార్లు.”

“ఆరూ ఆరూ పన్నెండు.”

“అవును.”

“పదమూడోది?”

లెక్కలమ్మ కాగితాన్ని మరోసారి చూసుకుంది. పన్నెండే. ఏడాది రిజిస్టరును ఒక మధ్యాహ్నంలో ఎక్కించుకుంది కదా, ఎక్కడో ఒక పంక్తి దాటేసి ఉంటుంది. “చూసి చెబుతాను,” అని బల్ల మీది రిజిస్టరును దగ్గరకు లాక్కుంది.

జనవరి తొమ్మిదో తేదీ పుట తేలిగ్గానే దొరికింది. ఐదు పంక్తులు, రెండు నిలువు గడులు. మొదటి గడిలో డబ్బా చూపించిన అంకె, రెండో గడిలో బ్యాడ్జి. ఎనభై ఎనిమిది, పక్కన ఎనభై తొమ్మిది. రెండువందల నలభై, పక్కన నలభై ఒకటి. పదిహేడు, పక్కన పద్దెనిమిది. నూట అరవై మూడు, పక్కన నూట అరవై నాలుగు. ఎక్కడా తప్పు లేదు. ఐదో పంక్తిలో ముప్పై ఒకటి. పక్కన ముప్పై ఒకటి.

ఆమె ఆ పంక్తిని మూడుసార్లు చదివింది. ముప్పై ఒకటికి ఒకటి కలపాలి. రోజూ కలిపేది యంత్రమే. యంత్రం ఏడాదిగా ఒక్కసారి కూడా కలపడం మరిచిపోలేదు, దానికి మరుపు తెలియదు. ఆ ఉదయం తెర మీద వెలిగిన నంబరు ముప్పై ఒకటి అయ్యే అవకాశమే లేదు.

తల ఎత్తినప్పుడు ఆమె ఎవరి ముఖమూ చూడలేదు. ఎదురుగా, మేనమామ భుజం మీద ఆప్యాయంగా ఆనుకుని ఉన్న చేతి పక్కన, చొక్కా జేబు మీద, ఇత్తడి బ్యాడ్జి మెరుస్తోంది. పదకొండేళ్ళుగా రోజూ చూస్తున్న బ్యాడ్జి. దాని మీది అంకెను చదవడం మాత్రం ఇదే మొదటిసారి. వరుసలో మేనమామ వెనక నిలబడిన మనిషిది కదా, ముప్పై రెండు.

“దొరికిందా?” అని అడిగింది విచారణాధికారిణి.

“దొరికిందండీ. వాంగ్మూలం కింద ఒక వాక్యం చేత్తో కలపొచ్చా?”

“మీ వాంగ్మూలం. కలపండి.”

లెక్కలమ్మ తాపీగా, ప్రతి అక్షరమూ విడివిడిగా పడేలా, ఒకటిన్నర పంక్తి రాసింది. తేదీ వేసింది. సంతకం పెట్టింది. కాగితాన్ని బోర్లా తిప్పి బల్ల మీదుగా జరిపింది.

విచారణాధికారిణి దాన్ని రెండుసార్లు చదివింది. రెండోసారి చదివేటప్పుడు రిజిస్టరును తన ముందుకు లాక్కుని ఆ పుట మీద వేలు పెట్టింది. తరవాత కళ్ళద్దాలు తీసింది కానీ తుడుచుకోలేదు.

“కార్యదర్శిగారూ, రోజూ ఉదయం ఈ రిజిస్టరులో సాక్షి సంతకం మీదేనా?”

“నాదే మేడం. ఏడాదిలో ఒక్కరోజు తప్పలేదు.”

“రాసేది టైంకీపరు కదా?”

“అవునండీ. జనవరిలో ఆ వారం మాత్రం ఆయన సెలవు. రాసిందీ నేనే, సంతకమూ నాదే,” అన్నాడాయన నిండుగా నవ్వుతూ. మాటలతోపాటు లవంగం వాసన బల్ల ఇవతలిదాకా వచ్చింది. “బావ పడ్డ అవస్థకి ఈ కళ్ళే సాక్ష్యం.”

“మంచిది,” అంది ఆవిడ. “భోజనాల తరవాత మళ్ళీ కూర్చుందాం. ఎవరూ డిపో దాటి వెళ్ళొద్దు.”

మేనమామ ఇంకా కొక్కేల పలక వైపే చూస్తూ తనలో తాను నవ్వుకుంటున్నాడు. విచారణాధికారిణి ఆ వాంగ్మూలాన్ని నాలుగు మడతలు పెట్టి, ముప్పై ఒకటో బ్యాడ్జి ఉన్న కవరులోకి దోపి, కవరును తన సంచిలో పెట్టి, సంచి నోరు బిగించింది.